‘ప్రాణాపాయం’ లేబుల్ ఎలా పోయింది

2025 వానాకాలం. నరసరావుపేట బరంపేటలో మా మేడ మీది గదే నా ఆఫీసు. కింద నాన్న లేత్ వర్క్‌షాపు. ఇనుము కోసే చప్పుడు మధ్యనే హైదరాబాదు వాళ్లతో మీటింగులు నడిచేవి. నేను టెక్నికల్ రైటర్‌ని. సాఫ్ట్‌వేర్ తయారు చేసేవాళ్లకూ దాన్ని వాడేవాళ్లకూ మధ్య కూర్చుని, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో అర్థమయ్యే మాటల్లో రాయడం నా పని. ఎన్నిసార్లు చెప్పినా మా బంధువులు "అంటే టైపింగా?" అనే అడుగుతారు.

ఆ ఏడాదికి ఈ పని కొంత మారింది. నేను రాసింది మనుషుల బదులు ఏజెంట్లు చదవడం మొదలైంది. ఏజెంట్ అంటే కృత్రిమ మేధతో నడిచే ప్రోగ్రాం. ఒక పని అప్పగిస్తే, ఏది ముందు ఏది వెనక అన్నది తనే ఆలోచించుకుని చేసుకుపోతుంది. అయితే దానికి చేతులు మనమే ఇవ్వాలి. ఆ చేతుల్నే మా వాళ్లు టూల్స్ అంటారు. ఒక్కో టూల్ పక్కన, అది ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో, దానికి ఏమేం ఇవ్వాలో రెండు మూడు వాక్యాల్లో రాసి ఉంటుంది. అది టూల్ డిస్క్రిప్షన్. టూల్ లోపల కోడ్ ఎలా ఉందో ఏజెంట్ చూడదు. ఆ రెండు మూడు వాక్యాలు చదివి, వాటినే నమ్మి పని చేస్తుంది.

ఇంకో రెండు మాటలు చెబితే మిగతాదంతా తేలిగ్గా తెలుస్తుంది. ఒక సాఫ్ట్‌వేర్ కోడ్ మొత్తం దాచే చోటు రిపాజిటరీ. అందులో ఏది చెడిందో, ఏది బాగుచేయాలో చెబుతూ వచ్చే ఒక్కో ఫిర్యాదు ఒక్కో ఇష్యూ. ఫిర్యాదులు ఎక్కువైనప్పుడు వాటిని చదివి, ఏ రకమో తేల్చి, ఫైలు మీద రంగు చీటీ అంటించినట్టు లేబుల్ అంటించి, సరైన ఇంజినీరుకు చేర్చడం ఒక పెద్ద చాకిరీ. దాన్ని ఏజెంట్లకు అప్పగించడం అప్పటికి మామూలైపోయింది.

మా కంపెనీ ఒక ట్రస్టు కోసం ఒక ఆప్ తయారు చేసింది. పాము కరిచినప్పుడు విరుగుడు ఇంజెక్షన్ దగ్గర్లో ఏ ఆస్పత్రిలో ఉందో అది చూపిస్తుంది. తమ దగ్గర ఎన్ని వయల్స్, అంటే మందు సీసాలు, ఉన్నాయో ఫార్మసిస్టులు రోజూ అందులో ఎక్కిస్తారు. అంబులెన్సు డ్రైవర్లు అది చూసి బండి తిప్పుతారు. పత్తి చేలల్లో, మిరప చేలల్లో వంగి పనిచేసే మనుషులున్న జిల్లాలో దాని అవసరం ఎంతో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఆప్‌తో నాకు సంబంధం లేదు. నాది వేరే ప్రాజెక్టు.

సెప్టెంబరులో ఒక గురువారం మా మేనేజర్ శ్రీనివాస్ గారు ఫోన్ చేశారు.

"మీది పల్నాడే కదా నస్రీన్? గురజాల వైపు ఒకావిడ పాము కరిచి చనిపోయిందట. డ్రైవరేమో మన ఆప్ చూసే బండి తిప్పానంటున్నాడు. తీరా వెళ్తే అక్కడ మందు లేదట. ట్రస్టు వాళ్లు పొద్దుటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆ ఆస్పత్రిలో స్టాక్ ఎక్కించారో లేదో మీరు కాస్త వెళ్లి కనుక్కుంటారా?"

ఫార్మసిస్టు ఎక్కించకపోతే మన తప్పేం లేదు అని ఆయన అనలేదు. నాకు మాత్రం ఆ మాటే వినిపించింది.

ఆ మండల ఆస్పత్రి పేరు రాయను. వాళ్లు చేయగలిగింది చేశారు. ఫార్మసిస్టు పేరు రమాదేవి. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. నేను ఏ కంపెనీ నుంచి వచ్చానో చెప్పగానే చేతిలోని కాగితం నా ముందు పడేశారు. స్టాక్ వివరాలు సరిగా నమోదు చేయనందుకు సంజాయిషీ ఇమ్మని పైనుంచి వచ్చిన మెమో అది.

"చదువు. ముప్పై ఏళ్ల సర్వీసులో మొదటిది," అన్నారు.

"మీరు ఎక్కించలేదా అండీ?"

"ఎక్కించలేదా? శనివారం పొద్దున ఇద్దరు కూలీలొస్తే ఉన్నవన్నీ వాడేశాం. కొత్త మందు పంపమని అప్పుడే ఇండెంట్ పెట్టా. అప్పుడే మీ ఆప్‌లో సున్నా కొట్టా. సేవ్ నొక్కితే మళ్లీ పాత అంకే వస్తది. మళ్లీ కొట్టా, మళ్లీ అదే. ఇదేంది ఇట్టా ఉందని సిస్టర్‌ని పిలిచి చూపిచ్చా. ఆమె కొట్టినా అంతే."

"తర్వాత?"

"అందులోనే 'సమస్య చెప్పండి' అని ఉందిగా. అక్కడ రాసి పంపా. నాకు ఇంగ్లీషులో అంత రాయడం రాదని తెలుగులోనే రాశా. ఇంకేం చెయ్యమంటావు?"

"ఎవరికైనా ఫోన్ చేసి..."

"ఫోన్ నెంబరు యాడుందమ్మా మీ ఆప్‌లో?"

నిజంగానే ఆ ఆప్‌లో ఎక్కడా ఫోన్ నెంబరు లేదు.

ఆవిడ తన ఫోన్ తీసి చూపించారు. పంపిన ఫిర్యాదు అందులో అలాగే ఉంది. 'సున్నా కొడితే తీసుకోవట్లేదు. మా దగ్గర పాము మందు అయిపోయింది. ఉన్నట్టే చూపిస్తోంది. ఎవరన్నా నమ్మి వస్తే ప్రాణం పోతుంది. వెంటనే సరిచేయండి.' కింద మా వాళ్ల నుంచి వచ్చిన జవాబు: మీ ఫిర్యాదు అందింది. దాని పక్కన ఇష్యూ నెంబరు.

పదేళ్లకు పైగా నేను ఫిర్యాదులు చదువుతున్నాను. అంత స్పష్టంగా రాసినవి చాలా తక్కువ చూశాను.

అక్కడే వరండాలో, రోగులు కూర్చునే బల్ల చివర లాప్‌టాప్ తెరిచాను. ట్రస్టు వాళ్లు కోడ్ అందరికీ కనపడాలని పట్టుబట్టడంతో ఆ రిపాజిటరీ తెరిచే ఉంటుంది. నెంబరు కొట్టగానే ఇష్యూ వచ్చింది. శనివారం వచ్చింది, గురువారం దాకా ఎవరూ ముట్టుకోకుండా పడి ఉంది. దాని మీద ఒకే ఒక లేబుల్: 'తెలుగు'.

ఈ ఆప్ కోసం ప్రత్యేకంగా పెట్టుకున్న లేబుల్ ఒకటుంది. 'ప్రాణాపాయం'. అది ఉన్న ఇష్యూలన్నీ ఒక జాబితాగా డ్యూటీ ఇంజినీరు తెర మీద పైన కనిపిస్తాయి. పొద్దున్నే మిగతా ఏ పనికన్నా ముందు వాటినే చూడాలి. ఇలాంటి ఫిర్యాదుకు ఆ లేబుల్ ఎందుకు పెట్టలేదు? మా సపోర్టులో కూర్చుని ఫిర్యాదులు చదివే అమ్మాయికి తెలుగు రాదేమో అనుకున్నాను. ఇష్యూ చరిత్ర తెరిచాను. ఎవరు ఏం మార్చినా అక్కడ ఒక వరుస పడుతుంది.

ఆ అమ్మాయి లేబుల్ పెట్టింది. శనివారం సాయంత్రమే పెట్టింది. దాని కిందే ఇంకో వరుస ఉంది. ఆదివారం, ఆ రిపాజిటరీకి పెట్టిన ఏజెంట్ 'తెలుగు' చేర్చింది, 'ప్రాణాపాయం' తీసేసింది. ఆ వరుస కింద ఏజెంట్ మర్యాదగా ఒక కామెంట్ కూడా రాసిపెట్టింది. 'ఈ ఫిర్యాదు తెలుగులో ఉంది. అనువాదకుల కోసం తెలుగు లేబుల్ జోడించాను. ఇంకేమీ మార్చలేదు.'

అది అబద్ధం చెప్పలేదు. ఇంకేమీ మార్చలేదనే అది అనుకుంది.

డ్యూటీ ఇంజినీరు ప్రవీణ్‌కి ఫోన్ చేశాను. హైదరాబాదులో ఉంటాడు, నాకన్నా చిన్నవాడు, పనిలో జాగ్రత్తపరుడు.

"ఆదివారం డ్యూటీ ఉండదు, సోమవారం పొద్దున లిస్ట్ చూశానక్కా," అన్నాడు వెంటనే. "ఖాళీగా ఉంది. మంగళవారం కూడా చూశాను. ఏమీ లేదు."

"ఏజెంట్ లేబుల్ మార్చడానికి ఏ టూల్ వాడుతుంది?"

"అప్‌డేట్ ఇష్యూ."

"దాని డిస్క్రిప్షన్ చదువు."

చదివాడు. ఇంగ్లీషులో ఉన్న ఆ ముక్కకు తెలుగు ఇది: 'ఇష్యూని అప్‌డేట్ చేస్తుంది. లేబుల్స్: ఇష్యూకి పెట్టవలసిన లేబుళ్లు.' అంతే. అంతకన్నా ఒక్క మాట లేదు.

"అక్కడ ఒక్క లేబుల్ ఇస్తే పాతవి ఏమవుతాయి?"

"పోతాయి. మనం ఇచ్చిన లిస్టే మొత్తం లిస్ట్ అవుతుంది. పాతవి ఉండాలంటే వాటినీ కలిపి ఇవ్వాలి. అది అందరికీ తెలిసిందే కదక్కా."

"అందరికీ అంటే?"

"అంటే... మా టీంలో," అన్నాడు. తర్వాత, "ప్రతి ఆదివారం ఏ భాషో చూసి లేబుల్ చేర్చమని దానికి చెప్పిపెట్టాం. చేర్చమనే చెప్పాం," అన్నాడు. ఆ చేర్చడంలోనే పాత లేబుల్ పోయిందని అతనికి అప్పుడే తెలిసింది.

ఆ డిస్క్రిప్షన్ రాసిన రోజుల్లో ఆ టూల్‌ని వాడింది ఇంజినీర్లే. వాళ్లకు వాళ్లు రాసుకున్న గుర్తు అది. తర్వాత ఆ టూల్‌నే ఏజెంట్ చేతికిచ్చారు. వాక్యం మాత్రం మారలేదు.

ఫోన్ పెట్టేసి రమాదేవి గారి దగ్గరికి వెళ్లాను. లేబుల్ అంటే ఏమిటో చెప్పి, ఆ వాక్యాన్ని తెలుగులో చదివి వినిపించాను. "ఇష్యూకి పెట్టవలసిన లేబుళ్లు ఇవ్వమన్నారు. మీరు 'తెలుగు' అని ఇచ్చారనుకోండి. ముందు ఉన్నది ఉంటుందా, పోతుందా?"

"ఉంటది. ఎందుకు పోద్ది? నేను తియ్యమన్లేదుగా," అన్నారు.

మనిషైనా అలాగే చదివేది. నాకూ అలాగే అర్థమైంది.

చనిపోయినావిడ పేరు తిరుపతమ్మ. పత్తి చేలో కలుపు తీస్తుండగా రక్తపింజర కరిచింది. మంగళవారం. ఆమెను తీసుకెళ్లిన డ్రైవర్ వెంకటేశ్వర్లు నడికుడి స్టేషన్ రోడ్డులో ఉంటాడు. నేను వెళ్లేసరికి షెడ్డులో అతని సొంత అంబులెన్సు ఉంది. ముందు అద్దం పగిలిపోయింది. పక్క తలుపు సొట్టపడి మూతపడటం లేదు. అతను మంచం మీద కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద కుట్లు.

"నాకు రెండు దార్లున్నయ్యమ్మా," అని మొదలుపెట్టాడు, నేను అడగకుండానే. ఈ మాటలు అప్పటికి ఎంతమందికి చెప్పి ఉంటాడో. "ఇటు తిప్పితే మండల ఆస్పత్రి, దగ్గర. అటు తిప్పితే నరసరావుపేట పెద్దాసుపత్రి, దూరం. ఫోన్లో చూస్తే ఈడ మందుందని ఆకుపచ్చగా చూపిచ్చింది. దగ్గర్లో ఉంటే దూరం ఎందుకు పోతా?"

"అవునన్నా."

"లోపలికి పోతే ఆ ఫార్మసీ మేడం నెత్తి పట్టుకుంది. లేదు, శనివారమే అయిపోయింది అని. డాక్టరు గారు సెలైన్ పెట్టి, ఇంక ఆగొద్దు, పేటకి పోనీ అన్నాడు. వచ్చిన దార్నే ఎనక్కి తిప్పా. సగం దూరం పోయేటప్పటికి చిగుళ్లలోంచి రక్తం కారతంది ఆమెకి. వాళ్లాయన నా భుజం పట్టుకుని ఊపతన్నాడు, ఇంకా తొందరగా పోనీరా అని. ఇంకెంత తొందరగా పోతా? గుంటల్లో ఎగిరెగిరి పడతంది బండి."

ఆసుపత్రి గేటు దాటాక ఆమె ఎక్కువసేపు బతకలేదు. బయటికొచ్చిన బంధువులకు ఎదురుగా కనిపించింది ఇతనే.

"కమీషన్ కోసం అటు తిప్పానంట. అది గవర్నమెంటు ఆసుపత్రమ్మా! ఆడ కమీషన్ ఎవడిస్తాడు?" అతను నవ్వబోయాడు. కుట్లు లాగినట్టున్నాయి, ఆగిపోయాడు. "ఫోన్ తీసి చూపిచ్చా. లాక్కుని నేలకేసి కొట్టారు. ఇప్పుడు స్టేషన్లో కేసు పెట్టారు, నా నిర్లక్ష్యం వల్ల చచ్చిపోయిందని."

నేను లేవబోతుంటే అడిగాడు. "అమ్మా, ఆ రోజు ఫోన్లో అట్టానే చూపిచ్చిందని మీరు రాసిస్తారా?"

రాసిస్తానన్నాను. కంపెనీని అడక్కుండానే అన్నాను.

మర్నాడు వీడియో మీటింగు. నేను చూసిందంతా రిపోర్టుగా రాసి చూపించాను. సున్నా సంగతి ప్రవీణ్ అప్పటికే పట్టుకున్నాడు. గడి ఖాళీగా వదిలేస్తే పాత అంకె ఉంచమని కోడ్‌లో ఉంది. సున్నాని కూడా అది ఖాళీగానే లెక్కపెట్టింది. సరిచేయడానికి టీ తాగేంత సేపు కూడా పట్టలేదని అతనే చెప్పి, తల దించుకున్నాడు. సోమవారం పొద్దున ఆ జాబితాలో ఈ ఇష్యూ కనపడి ఉంటే మధ్యాహ్నానికల్లా ఆప్‌లో ఆ ఆస్పత్రి ఎర్రగా మారి ఉండేది.

"ఈ రిపోర్టు ప్రస్తుతానికి మన మధ్యనే ఉండాలి," అన్నారు శ్రీనివాస్ గారు. "లీగల్ వాళ్లు చూశాక ఆలోచిద్దాం."

"అక్కడ ఒకావిడకు మెమో ఇచ్చారు సార్. ఒకాయన మీద కేసు ఉంది. ఇద్దరూ చేయాల్సింది చేశారు."

"నాకు తెలుసు నస్రీన్. నాకు నిద్ర పడుతోందనుకుంటున్నారా?"

"ఆ రిపాజిటరీ అందరికీ తెరిచే ఉంది. ఆ పేజీ ఎవరైనా చూడొచ్చు. అక్కడ వాళ్లకు చూడాలని తెలియదు, అంతే. నేను దాన్ని ప్రింటు తీసి, తెలుగులో అర్థం రాసి ఇస్తాను."

ఆయన "కంపెనీ పేరు మీద మాత్రం వద్దు," అన్నారు. నా పేరు మీదే రాసి సంతకం పెట్టాను. రమాదేవి గారు ఏ రోజు ఏం రాసి పంపారో, ఎవరు ఏ లేబుల్ పెట్టారో, అది ఎప్పుడు పోయిందో, మంగళవారం ఆప్‌లో ఆ ఆస్పత్రి ఏ రంగులో ఉందో, ఒకదాని కింద ఒకటి. ఒక కాపీ ఆవిడకు, ఒకటి వెంకటేశ్వర్లుకు ఇచ్చాను.

ఆ మీటింగులోనే ఆ రిపాజిటరీ టూల్స్ అన్నిటికీ డిస్క్రిప్షన్లు తిరగరాసే పని నా మీద పడింది. పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను. ఉన్న వాక్యం చివర ఒక హెచ్చరిక తగిలించాను: 'ఇక్కడ ఇచ్చిన లేబుళ్లు పాతవాటి స్థానంలో వస్తాయి.' ఇది చాలనే అనుకున్నాం. అసలు రిపాజిటరీకి ఒక నకలు తీసి, అందులో ఉత్తుత్తి ఇష్యూలు పెట్టి, ఏజెంట్‌ని వదిలి చూశాను. ఎక్కువసార్లు బాగానే చేసింది. ముందు పాత లేబుళ్లు చదివి, వాటినీ కలిపి ఇచ్చింది. అయితే ఒకేసారి నాలుగు పనులు చెప్పినప్పుడో, ఫిర్యాదు బారుగా ఉన్నప్పుడో మధ్యమధ్య మరిచిపోయేది. మళ్లీ 'ప్రాణాపాయం' మాయం. మళ్లీ అదే మర్యాద, 'ఇంకేమీ మార్చలేదు.'

ఒకే టూల్ రెండు పనులు చేస్తుంటే ఎంత బాగా రాసినా సరిపోదని అప్పుడు ఒప్పుకున్నాను. ప్రవీణ్‌తో కూర్చుని దాన్ని విడగొట్టించాను. లేబుల్ చేర్చే టూల్ వేరు, తీసే టూల్ వేరు. మొత్తం జాబితాను మార్చే టూల్‌ని ఏజెంట్‌కి ఇవ్వడమే మానేశాం. 'ప్రాణాపాయం' లేబుల్‌ని మనిషి తప్ప ఎవరూ తీయలేకుండా కోడ్‌లోనే కట్టడి పెట్టాం. చేర్చే టూల్‌కి నేను రాసింది ఇది:

'ఇష్యూకి ఒక కొత్త లేబుల్ చేరుస్తుంది. ముందున్న లేబుళ్లు అలాగే ఉంటాయి. లేబుల్ తీసేయడానికి దీన్ని వాడకూడదు. పని అయ్యాక ఇష్యూ మీద ఉన్న లేబుళ్లన్నీ తిరిగి చూపిస్తుంది. ముందున్నది ఏదైనా కనపడకపోతే ఆగిపోయి, డ్యూటీ ఇంజినీరుకు తెలియజేయాలి.'

"ఇంత చిన్న టూల్‌కి ఇన్ని మాటలా అక్కా?" అన్నాడు ప్రవీణ్. అలవాటుగా అన్నాడు. అని, తనే నాలుక కరుచుకున్నాడు.

ఆ వారంలోనే పాత ఇష్యూల చరిత్రలన్నీ తిరగేశాం. ఏజెంట్ వచ్చిన నాటి నుంచి ఎక్కడెక్కడ లేబుళ్లు పోయాయో చూశాం. రమాదేవి గారి ఫిర్యాదు ఒక్కటే కాదు. చాలావాటిలో పోయింది చిన్నా చితకా లేబుళ్లే. ఒకదాని దగ్గర మాత్రం ప్రవీణ్ వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. వేరే రాష్ట్రంలో ఒక ఆస్పత్రి వాళ్లు, గడువు దాటిన వయల్స్‌ని కూడా ఆప్ ఉన్నట్టే లెక్కపెడుతోందని రాశారు. అది హిందీలో రాసిన ఫిర్యాదు. 'హిందీ' లేబుల్ వచ్చింది, 'ప్రాణాపాయం' పోయింది. కోడ్ సరిచేసే లోపే ఆ ఆస్పత్రికి ఫోన్ చేశాం. ఈసారి నెంబరు మేమే వెతికి పట్టుకున్నాం. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదన్నారు. మాకు తెలిసినంతవరకు.

కొన్నాళ్లకు రమాదేవి గారు ఫోన్ చేశారు. మెమో వెనక్కి తీసుకున్నారట. సంతోషంగా చెప్పలేదు. "ఆ చనిపోయినామె మొగుడికి ఈ సంగతి ఎవరన్నా చెప్పారా?" అని అడిగారు. ఎవరూ చెప్పలేదు.

నేనే వెళ్లాను. గురజాల దగ్గర పల్లె. ఏడుకొండలు అనే ఆ మనిషి చేలోంచి అప్పుడే వచ్చి, ఇంటి ముందు కాళ్లు కడుక్కుంటున్నాడు. నన్ను అరుగు మీద కూర్చోమన్నాడు. నా పనేమిటో, ఆప్ ఏమిటో, ఏం జరిగిందో చెప్పాను. లేబుల్ అంటే చీటీ అని చెప్పాను. అడ్డు రాకుండా విన్నాడు.

"అంటే ఆ మిషను చీటీ పీకేసిందంటావు."

"దాన్ని కొత్త చీటీ అంటించమన్నారు. అది అంటిస్తే పాతది ఊడిపోతుంది. ఊడిపోతుందని దానికి ఎవరూ చెప్పలేదు."

"ఎవరు చెప్పాల?"

"మేమే చెప్పాలి."

"చెప్పుంటే తిరపతమ్మ బతికేదా?"

దారి పొడవునా నేను భయపడిన ప్రశ్న అదే. అంతకుముందే పెద్దాసుపత్రి డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నాను. ఆయన చెప్పిందే చెప్పాను. "ముందే పేటకు వచ్చి ఉంటే బతికే అవకాశం చాలా ఎక్కువట. ఖాయంగా బతికేదని మాత్రం చెప్పలేనన్నారు."

ఏడుకొండలు చేతిలో తువ్వాలు ఉంది. దాన్ని మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

"ఆ డ్రైవర్ని ముందు కొట్టింది నేనే," అన్నాడు. "నేను చెయ్యెత్తినాకే మిగతావాళ్లు మీదపడ్డారు. ఆయన ఫోన్ చూపిస్తానే ఉన్నాడు. నేను చూళ్లా."

"ఆయన తప్పేం లేదంటావు."

"లేదండీ. ఆయన దగ్గర దారే పట్టాడు."

తువ్వాలు భుజాన వేసుకుని, "సరే, నువ్వెళ్లమ్మా. చీకటి పడితే ఆటోలు ఉండవు," అన్నాడు. నా మీద అరవలేదు. అరిచి ఉంటే బాగుండుననిపించింది.

తర్వాత తెలిసింది, ఏడుకొండలు స్టేషనుకు వెళ్లి తన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడని. కేసు అక్కడితో ముగిసింది. వెంకటేశ్వర్లు మాత్రం మళ్లీ అంబులెన్సు ఎక్కలేదు. బండి అమ్మేసి పిడుగురాళ్లలో సున్నం బట్టీకి లోడింగు పనికి పోతున్నాడు. ఒకసారి ఫోన్‌లో అన్నాడు, "బండి అనుకుంటేనే ఎనకాల ఎవరో మూలిగినట్టు వినపడతందమ్మా. ఎటు తిప్పాల్నో తెలవట్లా." ట్రస్టు వాళ్లు ఏడుకొండలుకు సాయం చేస్తామన్నారు. అతను తీసుకోలేదని విన్నాను. ఎందుకో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మా కంపెనీలో కొత్తగా చేరే రైటర్లకు ఈ పని నేర్పేది నేనే. డిస్క్రిప్షన్ ఎంత పొడుగుండాలి అని అందరూ అడుగుతారు. పొడుగుతో పని లేదంటాను. టూల్ ఏం చేస్తుందో ఎవరైనా రాస్తారు. అది ఏం చెరిపేస్తుందో, ఏది ముట్టుకోదో, ఎప్పుడు వాడకూడదో కూడా రాయమంటాను. రాసింది మీరు చదువుకుని సరిపోయిందనుకోవద్దు, ఆ టూల్ సంగతి బొత్తిగా తెలియని మనిషికి చదివి వినిపించి, ఏమవుతుందో చెప్పమని అడగమంటాను. ఆ తర్వాత నకలు రిపాజిటరీలో ఏజెంట్‌ని వదిలి, అది చెప్పే మాట పక్కన పెట్టి, చరిత్రలో పడిన వరుస చూడమంటాను.

కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషికి లేబుల్ పెట్టమని చెబితే, "పాతది ఉంచాలా, తీసేయాలా?" అని ఒకసారి అడుగుతాడు. ఏజెంట్ సాధారణంగా అడగదు. ఉన్న వాక్యానికి తనకు తోచిన అర్థం తీసుకుని చేసేసి, చేశానని చెబుతుంది. అది అడగని ప్రశ్న నన్ను నేనే ముందు అడగాలి. జవాబు ఆ వాక్యంలోనే ఉండాలి. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే, చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

తిరుపతమ్మ గారికి ఫోన్ లేదు. ఆ ఆప్ పేరు ఆమె ఎప్పుడూ విని ఉండదు. లేబుల్ అంటే ఏమిటో తెలియాల్సిన అవసరం ఆమెకు జీవితంలో రాలేదు. మేం రాసే వాక్యాన్ని ఏజెంట్ చదువుతుంది, ఇంజినీరు చదువుతాడు. దాన్ని ఎప్పటికీ చదవని మనిషి ఎక్కడో చేలో వంగి కలుపు తీస్తూ ఉంటుంది. ఇప్పుడు ప్రతి వాక్యం ఆమె కోసం ఇంకోసారి చదివాకే పంపుతాను.